బేసి సంవత్సరపు ఎన్నికలు: మా ప్రిసింక్టు ముచ్చట్లు

అమెరికాలో ఎన్నికలంటే నాలుగేళ్ళకోసారి వచ్చే అధ్యక్ష ఎన్నికలేనని మనవాళ్ళలో చాలామంది అభిప్రాయం. వర్జీనియాలో కాపురముండేవాళ్ళకి ఆ సుఖం లేదు. ఇక్కడ ప్రతి నవంబరులోనూ ఏదో ఒక ఎన్నిక ఉంటుంది. సరి సంవత్సరాల్లో అధ్యక్షుడూ, కాంగ్రెసూ; బేసి సంవత్సరాల్లో గవర్నరూ, రాష్ట్ర శాసనసభా, కౌంటీ సూపర్వైజర్లూ, స్కూలు బోర్డూ. సరి సంవత్సరంలో టీవీ గోల పెడుతుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. బేసి సంవత్సరంలో ఎన్నిక జరిగిందన్న సంగతి, మర్నాడు ఆఫీసులో ఎవరో చొక్కాకి అంటించుకున్న స్టిక్కరు చూస్తేగానీ తెలియని ఇళ్ళు మా చుట్టుపక్కలే చాలా ఉన్నాయి.

మైకు కట్టిన జీపు లేదు, గోడల మీద రాతలు లేవు, జెండాలు లేవు, బిర్యానీ పొట్లాలు అసలే లేవు. ముంగిట్లో గడ్డిలో పాతిన చిన్న అట్ట బోర్డులు, పోస్టులో వచ్చి నేరుగా చెత్తబుట్టలోకి వెళ్ళే నున్నటి కాగితాలు, అంతే. మరి ఈ నిశ్శబ్దంలో ఓట్లు ఎలా పడతాయి? ఎవరు వేయిస్తారు? 2025 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా లౌడన్ కౌంటీలో మా ప్రిసింక్టు డెమోక్రాట్లతో కలిసి తిరిగినవాడిగా నేను చూసింది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన సంఘాల్లో చాలావాటికి 501(సి)(3) హోదా ఉంది. ఆ హోదా ఉన్న సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. కనుక ఇది ఒక కార్యకర్త అనుభవమే గానీ సంఘం మాట కాదు. అవతలి పార్టీలో ఇదే పని చేస్తున్న మిత్రులు కూడా ఇలాగే రాస్తే ముందుగా చదివేవాణ్ణి నేనే.

నేను తెనాలి దగ్గరి ఊరివాణ్ణి. 2003లో ఎమ్మెస్ చెయ్యడానికి వచ్చాను. అప్పటినుంచీ డేటాబేసులే తిండి పెడుతున్నాయి. మా నాన్నగారు స్కూలు మాస్టారు కావడంతో ప్రతి ఎన్నికకీ ఆయనకి పోలింగ్ డ్యూటీ పడేది. ముందురోజు బ్యాలెట్ పెట్టెలతో లారీ ఎక్కి వెళ్ళి, మర్నాడు అర్ధరాత్రి దాటాక చొక్కా నిండా లక్క మరకలతో వచ్చేవారు. నా మట్టుకు ఎన్నికలంటే ఆ లక్క వాసనే. నేను పౌరసత్వం తీసుకున్నది 2017 వేసవిలో. ఆ నవంబరులోనే తొలి ఓటు, అదీ బేసి సంవత్సరంలో!

ఒక్క ఓటు కథ

ఆ సంవత్సరం వర్జీనియాలో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. న్యూపోర్ట్ న్యూస్‌లో 94వ నియోజకవర్గం. డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్, రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ. రీకౌంటింగులో సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారన్నారు. మర్నాడు ముగ్గురు జడ్జీలు ఒక వివాదాస్పద బ్యాలెట్‌ని యాన్సీ ఖాతాలో వేశారు. చెరి 11,608 ఓట్లు! 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ పాతకాలపు ఫిలిం డబ్బాల్లో పెట్టి, మ్యూజియం నుంచి తెచ్చిన పింగాణీ గిన్నెలో వేసి, ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. ఆ ఒక్క చీటీతో సభలో రిపబ్లికన్లకి 51, డెమోక్రాట్లకి 49. చీటీ మరోలా వస్తే యాభై యాభై. (సైమండ్స్ 2019లో మళ్ళీ పోటీ చేసి గెలిచారు.)

ఇలాంటివి ఎప్పుడో ఒకసారి జరుగుతాయిలే అనుకోవచ్చు. కానీ 2025 జనవరి 7న మా లౌడన్‌లోనే రెండు ఉపఎన్నికలు వచ్చాయి. సుహాస్ సుబ్రమణ్యం కాంగ్రెసుకి ఎన్నికవడంతో రాష్ట్ర సెనేట్‌లో ఆయన సీటు ఖాళీ అయింది. దానికి హౌస్ సభ్యుడు కణ్ణన్ శ్రీనివాసన్ పోటీ చేయడంతో హౌస్‌లో ఆయన సీటు ఖాళీ అయింది. అప్పటికి సెనేట్‌లో బలాబలాలు 21–19, హౌస్‌లో 51–49. అంటే ఈ సీట్లు చేజారితే రెండు సభల్లోనూ లెక్క తారుమారయ్యేది. సంక్రాంతికి వారం ముందు, అంతకు ముందురోజు దాకా మంచు కురిసి, స్కూళ్ళన్నీ మూసేసిన సమయంలో ఎన్నిక! ఎవరొస్తారు ఓటెయ్యడానికి? కాలిబాట మీది మంచు తవ్వుకుంటూ వెళ్ళి తలుపు తట్టి, “మీ కారు బయటికి వస్తుందా, మేం తీసుకెళ్ళమా” అని అడిగితే వచ్చారు. కణ్ణన్ శ్రీనివాసన్, ఆయన సీటులో జె.జె. సింగ్, ఇద్దరూ గెలిచారు. నేను కమిటీ సభ్యత్వం తీసుకున్నది ఆ తర్వాతి నెలలోనే.

కమిటీ అంటే ఏమిటి

ప్రతి కౌంటీకీ ఒక డెమోక్రాటిక్ కమిటీ ఉంటుంది. మా కౌంటీలో ఎనిమిది మెజిస్టీరియల్ డిస్ట్రిక్టులు. ఒక్కో డిస్ట్రిక్టులో కొన్ని ప్రిసింక్టులు. ప్రిసింక్టంటే మన దగ్గర పోలింగ్ బూత్ పరిధి లాంటిదన్నమాట. ఏర్పాటు చేసేటప్పుడు 5000 మంది ఓటర్లకు మించకూడదని రాష్ట్ర చట్టం. దానికో కెప్టెన్. జీతం లేదు, కారు లేదు, కండువా కూడా లేదు.

మీటింగులు గొప్ప విసుగు. కోశాధికారి లెక్కలు, గత సమావేశపు మినిట్స్, సవరణ మీద సవరణ. ఇండియాలో పార్టీ ఆఫీసంటే నాయకుడి చుట్టూ మూగిన జనం గుర్తొస్తారు. ఇక్కడ పదిహేను మంది రిటైరైన టీచర్లూ, ఇద్దరు లాయర్లూ, కాలేజీ కుర్రాళ్ళు కొందరూ ఒక హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, కాపీయర్ ఖర్చు గురించి ముప్పావుగంట చర్చిస్తారు. మా కెప్టెన్ డెబ్భై దాటిన మాజీ లైబ్రేరియన్. ప్రిసింక్టులో ఏ వీధిలో ఏ కుక్క కరుస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు.

అభ్యర్థుల ఫండ్‌రైజర్లకు మాత్రం మనవాళ్ళు బాగానే వెళతారు. పట్టుచీరలు, ఫోటోలు, చెక్కులు, వాట్సాప్ గ్రూపులో ఆల్బం. ఇవ్వడం మంచిదే, డబ్బు లేకుండా ఎన్నిక జరగదు. కానీ ఆ ఫోటోలో ఉన్న నలభైమందిలో సెప్టెంబరు శనివారం ఉదయం క్లిప్‌బోర్డు పట్టుకుని బయల్దేరినవాళ్ళు ఇద్దరే. అభ్యర్థులకి ఈ సంగతి తెలుసు. వాళ్ళు చెక్కు ఇచ్చినవాళ్ళకి నమస్కారం పెడతారు, ఓట్లు తెచ్చేవాళ్ళ మాట వింటారు. నాకు తెలిసినంతవరకూ ఈ రెండూ వేరువేరు గౌరవాలు.

పదకొండు మంది వెంకటలు

పని అంతా ఒక జాబితాతో మొదలవుతుంది. వర్జీనియాలో ఓటరు నమోదు చేసుకునేటప్పుడు పార్టీ రాయనక్కరలేదు. కాబట్టి ఎవరు ఎటువైపో ప్రభుత్వ రికార్డులో ఉండదు. ఉండేది పేరూ, చిరునామా, ఏయే ఎన్నికల్లో ఓటు వేశారూ అన్నది మాత్రమే. ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు. మా అత్తగారితో సహా చాలామందికి ఈ విషయంలో అనుమానం ఉంది కాబట్టి నొక్కి చెబుతున్నాను: వేశారా లేదా అన్నదే తెలుస్తుంది. ఆ రికార్డుకి పార్టీ తను పోగుచేసుకున్న వివరాలు కలిపి, ఎవరి తలుపు తట్టాలో నిర్ణయిస్తుంది. వలంటీరు ఫోన్లో మినీవ్యాన్ అనే యాప్ ఉంటుంది. ఇంటి దగ్గర నిలబడి “ఇంట్లో లేరు”, “ఇల్లు మారారు”, “మాట్లాడనన్నారు” అని నొక్కాలి. మాట్లాడితే ఒకటి నుంచి అయిదు దాకా అంకె వెయ్యాలి. ఒకటంటే మనవాళ్ళు, అయిదంటే అవతలివాళ్ళు.

డేటాబేసులతో బతికేవాణ్ణి కదా అని జాబితా నాకప్పగించారు. మా ప్రిసింక్టు తెరిచి చూస్తే పదకొండు మంది వెంకటలు! పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, పేరు ఒక చోట, నడిమి పేరు మరో చోట పడి, ‘వెంకట’ ముందుకొచ్చి అసలు పేరు ఎగిరిపోయింది. పాపం మా అమెరికన్ వలంటీర్లు “వెంకట ఉన్నాడా?” అని అడిగితే, ఇంట్లోవాళ్ళు “అలాంటివాళ్ళెవరూ లేరు” అని తలుపేసేవారు. అబద్ధమేమీ కాదు, ఆ ఇంట్లో ఆయన్ని ఎప్పుడూ ఎవరూ వెంకట అని పిలవలేదు. ఆయన శ్రీనివాసో, రమణో, సాయికృష్ణో. యాప్‌లో మాత్రం “ఇల్లు మారారు” అని పడిపోయేది. అలా మూడు ఎన్నికలపాటు ‘మారిపోయిన’ కుటుంబాలు పదేళ్ళుగా అదే ఇంట్లో ఉన్నాయి.

నేనూ, పక్క వీధిలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ టెస్టరమ్మాయీ కూర్చుని, ఒక ఆదివారం సాయంత్రమంతా తెలుగు పేర్లని చక్కబెట్టాం. నోట్సు గడిలో పిలిచే పేరూ, పలికే తీరూ రాశాం. ఆ పని చేస్తుంటే ఇంకోటి కనబడింది. మా జాబితాలోని తెలుగు ఇళ్ళల్లో 2024లో ఓటేసినవాళ్ళు సగానికి బాగా పైనే ఉన్నారు. 2023లో, అంటే రాష్ట్ర శాసనసభలో మొత్తం 140 సీట్లూ, కౌంటీ సూపర్వైజర్లూ, స్కూలు బోర్డూ అన్నీ ఒకేసారి ఎన్నికైన సంవత్సరంలో, ఆ గడి వరసగా ఖాళీ. పిల్లల స్కూలు సరిహద్దులు మార్చారని మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే పొడుగాటి మెసేజీలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ సరిహద్దులు గీసే బోర్డుని ఎన్నుకున్నది ఆ ఖాళీ గడి రోజునే.

తలుపు తెరిచే కళ

ఇంటింటికీ తిరగడం దండగ, ఫేస్‌బుక్‌లో ప్రకటనలు ఇస్తే సరిపోతుంది అనేవాళ్ళుంటారు. 1998లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ గెర్బర్, డోనల్డ్ గ్రీన్ న్యూ హేవెన్ నగరంలో సుమారు 30,000 మంది ఓటర్ల మీద ప్రయోగం చేశారు. కొందరి ఇళ్ళకి మనుషులు వెళ్ళారు, కొందరికి ఉత్తరాలు వెళ్ళాయి, కొందరికి అద్దె ఫోన్ సంస్థలు ఫోన్లు చేశాయి. ఎదురుగా నిలబడి అడిగిన చోట ఓటింగు స్పష్టంగా పెరిగింది, ఉత్తరాలతో కొద్దిగా పెరిగింది, ఫోన్లతో పెరగనేలేదు. 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాక రెండు పార్టీలూ మళ్ళీ చెప్పులరగదీసే పనికి దిగాయి.

మనవాళ్ళ ఇళ్ళ దగ్గర ఒక చిక్కుంది. ఎదురు తలుపు వాడేవాళ్ళే లేరు. రాకపోకలన్నీ గరాజ్ గుండానే. బెల్లు కొడితే తలుపు బదులు రింగ్ కెమెరా మాట్లాడుతుంది, “హూ ఈజ్ దిస్?” అని. ఆ గొంతు ఇంట్లోంచి రావచ్చు, ఆఫీసులోంచి రావచ్చు, ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చింది. నేను “నమస్కారమండీ, వెనక వీధిలో ఉంటాం” అని తెలుగులో అనగానే గొంతు మారిపోతుంది. “అయ్యో, లోపలికి రండి, టీ తాగి వెళ్ళండి!” ఇదింకో ఇబ్బంది. మూడు గంటల్లో యాభై తలుపులు తట్టాలి. టీలకి కూర్చుంటే పది ఇళ్ళు కూడా అవవు. మా కెప్టెన్ ఒకసారి నాతో వచ్చి రెండు ఇళ్ళల్లో జంతికలూ, ఒక ఇంట్లో సున్నుండా తిని, “మీ వీధులకి అదనంగా టైము వెయ్యాలి” అని తీర్మానించారు.

కరపత్రం తపాలా పెట్టెలో పెట్టకూడదు, స్టాంపు లేనిది ఏదీ అందులో పెట్టరాదని ఫెడరల్ చట్టం. తలుపు సందులో దూర్చాలి. ఒక ప్రచార బృందం వాళ్ళు మా తెలుగు ఇళ్ళకి హిందీలో అచ్చువేసిన కరపత్రాలు పంపారు. ఇది తీసుకెళ్ళి ఎవరికివ్వమంటారని అడిగితే, “ఇది ఇండియన్ కదా” అన్నారు. మద్రాసులో మనల్ని చూసి గొల్టీ అన్నప్పుడు కూడా ఇంత చికాకు కలగలేదు.

ముందస్తు ఓటింగు సెప్టెంబరు 19న మొదలైంది. సరిగ్గా ఆ రోజే కొత్త హెచ్1బి పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెడుతూ అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. ఆ శనాదివారాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఇండియాలో పెళ్ళికి వెళ్ళినవాళ్ళు పసుపు బట్టలతోనే విమానాశ్రయానికి పరుగెత్తారన్న కబుర్లు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి ఇది వర్తించదని మర్నాడు వివరణ వచ్చేదాకా ఎవరికీ నిద్రల్లేవు. మేం తట్టిన ప్రతి తెలుగు తలుపు దగ్గరా అదే మాట. కొందరు వలంటీర్లు “మాకు ఓటేస్తే వీసాల సంగతి చూస్తాం” అనబోతే నేను ఒప్పుకోలేదు. వీసాలు గవర్నరు చేతిలో లేవు. లేనిది ఉందని చెప్పి అడిగిన ఓటు రెండోసారి రాదు.

గవర్నరు, శాసనసభ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. యాష్‌బర్న్ చుట్టూ డేటా సెంటర్లు ఎంత దట్టంగా లేచాయో చూస్తూనే ఉన్నాం. వాటిలో పనిచేసేది మనమే, కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకునేదీ మనమే. వర్జీనియాలో కరెంటు ధరలు తేల్చే స్టేట్ కార్పొరేషన్ కమిషన్ సభ్యుల్ని ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభ. ఈ ఒక్క వాక్యం చెప్పాక తలుపు దగ్గర సంభాషణ వేరుగా నడిచేది. అక్టోబరు 1 నుంచి ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. అది నవంబరు 12 దాకా సాగింది. ప్రభుత్వ కాంట్రాక్టుల మీద ఉన్న మన పిల్లలు ఇళ్ళల్లోనే ఉన్నారు. పగటిపూట తలుపు తట్టినా తెరిచేవాళ్ళు దొరకడం ఆ నెలలోనే చూశాను. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ ఓ ముఖ్యమైన సంగతి, వీసాల మీద ఉన్న పాఠకుల కోసం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు వలంటీరుగా పనిచెయ్యవచ్చు, చందా ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వెయ్యకూడదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు జీతం తీసుకోకుండా వలంటీరుగా పనిచెయ్యవచ్చు గానీ, చందా ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఫండ్‌రైజర్ టిక్కెట్టు కొన్నా అది చందాయే. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరులు కానివాళ్ళు అక్కడ తొందరపడి ‘అవును’ అంటే రేపు గ్రీన్‌కార్డుకీ, పౌరసత్వానికీ ఎసరే. మా బృందంలో గ్రీన్‌కార్డు కోసం పన్నెండేళ్ళుగా వరసలో నిలబడ్డ ఒకాయన ఉన్నాడు. తనకి ఓటు లేదు, మూడు వందల తలుపులు తట్టాడు. “మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కదండీ, దాని తరఫున అనుకోండి” అంటాడు.

బామ్మగారి ఓటు

అక్టోబరు నడుమ, దీపావళికి వారం ముందనుకుంటాను, ఒక టౌన్‌హౌస్ తలుపు దగ్గర జాబితాలో నలుగురు. కొడుకూ, కోడలూ, మనవడూ, డెబ్భై ఎనిమిదేళ్ళ ఒకావిడ. ఆవిడ పేరు ఎదురుగా ‘ఎన్నడూ ఓటు వెయ్యలేదు’ అని ఉంది. తలుపు తీసింది ఆవిడే.

“మీ ఓటు గురించి వచ్చానండీ పిన్నిగారూ” అన్నాను.

“నాకు ఓటా? మా అబ్బాయి వేస్తాడుగా నాయనా.”

“ఆయనది ఆయనకుంది. మీది మీకుంది. మీరు సిటిజన్ కదా?”

అయిదేళ్ళయిందట. యాభై అయిదు దాటి, గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్ళు ఉన్నవాళ్ళకి పరీక్ష మాతృభాషలో ఇవ్వవచ్చన్న నిబంధన కింద, తెలుగు దుబాసీతో పరీక్ష రాయకుండా మాటల్లోనే నెగ్గారావిడ. అమెరికా మొదటి అధ్యక్షుడెవరని నన్నే అడిగారు, సరిచూడ్డానికి. ఊళ్ళో ఉండగా ఒక్క ఎన్నికా వదల్లేదట. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి తనకి ఓటు ఉండదని ఆవిడ నమ్మకం. ఎవరూ కాదనలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

మా కౌంటీలో తెలుగు బ్యాలెట్ లేదు. కానీ ఫెడరల్ ఓటింగు హక్కుల చట్టంలో 208వ సెక్షను ఉంది. చదవడం, రాయడం రానివాళ్ళూ, కంటిచూపు లేనివాళ్ళూ, వైకల్యం ఉన్నవాళ్ళూ తమకి నచ్చిన మనిషిని సాయం తెచ్చుకోవచ్చు. యజమాని, యూనియన్ ప్రతినిధి కాకపోతే చాలు. అక్కడ చిన్న ఫారం నింపితే సరి. పైగా వర్జీనియాలో 65 ఏళ్ళు దాటినవాళ్ళు కారులో కూర్చునే ఓటెయ్యవచ్చు, బ్యాలెట్ కారు దగ్గరికే తెస్తారు. మన పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఈ రెండు సంగతులూ ఫ్రిజ్ మీద అంటించుకోవాలి.

సాంపిల్ బ్యాలెట్ చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, “గుర్తులేవీ బాబూ?” అన్నారు.

గుర్తులు లేవు. పేరూ, కింద పార్టీ పేరూ, పక్కన నింపాల్సిన గుండ్రటి గడీ. కౌంటీ పదవులకైతే బ్యాలెట్ మీద పార్టీ పేరు కూడా వెయ్యరు. అందుకే పోలింగు రోజున పార్టీలవాళ్ళు బయట నిలబడి సాంపిల్ బ్యాలెట్లు పంచుతారు. (టచ్ స్క్రీన్ యంత్రాలని 2017లోనే పక్కన పెట్టి వర్జీనియా పూర్తిగా కాగితానికి వచ్చింది. కంప్యూటర్లతో బతికే మనిషిగా నేను దీన్ని మనస్ఫూర్తిగా ఆమోదిస్తాను.)

లెఫ్టినెంట్ గవర్నరు వరసలో ఉన్న పేరు చదివి, ఈవిడ హైదరాబాదులో పుట్టిందని చెప్పాను. గజాలా హాష్మీ నాలుగేళ్ళ వయసులో అమెరికా వచ్చారు, ఏళ్ళ తరబడి కాలేజీల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు, 2019లో రిచ్‌మండ్ శివార్లలో రిపబ్లికన్ సెనేటర్‌ని ఓడించి రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టారు. పక్కనే మేరీల్యాండ్‌లో మన అరుణా మిల్లర్ 2022లోనే లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. ఇదంతా విని బామ్మగారు, “మనూరిదని వెయ్యమంటావా, మంచిదని వెయ్యమంటావా?” అని అడిగారు. నేను మా పార్టీ అభ్యర్థినని వెయ్యమంటున్నానని నిజం చెప్పేశాను. “సరే, కోడల్ని చదివి చెప్పమంటాలే” అన్నారు. యాప్‌లో ఒకటి వెయ్యాలో రెండు వెయ్యాలో తేలక మూడు వేశాను.

నలభై అడుగుల అవతల

నవంబరు 4. పోలింగు ఉదయం ఆరింటి నుంచి రాత్రి ఏడింటి దాకా. తలుపుకి నలభై అడుగుల లోపల ఏ పార్టీవాడూ ప్రచారం చెయ్యకూడదు. ఆ గీత అవతల ఎడమవైపు మా టేబులు, కుడివైపు రిపబ్లికన్లది. ఆ టేబుల్ దగ్గర నిలబడ్డది నన్ను పదిహేనేళ్ళుగా ‘బావా’ అని పిలిచే మిత్రుడే. పన్నుల విషయంలోనూ, స్కూళ్ళలో తల్లిదండ్రుల మాట చెల్లుబడి విషయంలోనూ అతనికి గట్టి అభిప్రాయాలున్నాయి. అవి నావి కావు. 2024 తర్వాత మా పాట్‌లక్ భోజనాలు రెండు నెలలు ఆగిపోయాయి. మళ్ళీ మొదలయ్యాయి గానీ, ఇప్పటికీ పెరుగన్నం దాకా రాజకీయం ఎత్తరాదని ఆడవాళ్ళు షరతు పెట్టారు.

తెల్లవారుజామున చలిలో అతను ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు, మా ఇంటినుంచి పులిహోర వచ్చింది. వచ్చే ప్రతి తెలుగు కుటుంబానికీ ఇద్దరం రెండువైపులనుంచీ నమస్కారం పెట్టేవాళ్ళం. వాళ్ళకది మహా ఇరకాటం. కొందరు మొహమాటానికి రెండు కాగితాలూ తీసుకున్నారు. మధ్యాహ్నం అతను, “బావా, మీవాళ్ళు ఇంటికొచ్చి అడిగారటగా, మావాళ్ళు ఎవరూ రాలేదేమని మా ఆవిడే అడిగింది” అన్నాడు. అవతలి పార్టీనుంచి నాకు దొరికిన ఏకైక కితాబు అది.

నాలుగు గంటలకి మా గరాజ్‌లో ఆఖరి విడత మొదలైంది. అప్పటికి ఓటేసినట్టు తేలినవాళ్ళని తీసేసి, మిగిలిన పేర్లతో చిన్న కాగితాలు. ఈ దశలో ఒప్పించే పని లేదు, “వేశారా? ఇంకా మూడు గంటలుంది” అంతే. చీకటి పడ్డాక ఫోన్ వెలుతురులో ఇంటి నంబర్లు వెతుక్కుంటూ తిరిగాం. ఆరు నలభైకి ఒకాయన లుంగీ మీదనే కారు తీశాడు.

గవర్నరు ఫలితం భోజనాలవేళకే తేలిపోయింది. అబిగైల్ స్పాన్‌బర్గర్ వర్జీనియాకి తొలి మహిళా గవర్నరు. గజాలా హాష్మీ కూడా గెలిచారు. దేశంలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆవిడే. హౌస్‌లో డెమోక్రాట్లకి వందకి 64 సీట్లు వచ్చాయి. ఇంత పెద్ద తేడాతో గెలిచిన చోట మా యాభై తలుపులు ఏం మార్చాయని ఎవరైనా అడిగితే, ఆ రోజు ఫలితాన్ని మార్చలేదనే చెబుతాను. 2024లో రాష్ట్రంలో దాదాపు 45 లక్షలమంది ఓటేస్తే, 2025లో వేసింది సుమారు 34 లక్షలు. ఆ మిగిలిన పదకొండు లక్షల్లో మా వీధులవాళ్ళు ఎవరెవరన్నదే మా లెక్క.

ఆ తర్వాతి శనివారం ముంగిళ్ళలో బోర్డులు పీకి, తీగలు వేరుచేసి కట్టలు కట్టాం. గెలిచాక ఈ పనికి ఎప్పుడూ సగంమందే వస్తారు. ఎవరెవరు ఓటేశారన్న రికార్డు కొన్ని వారాల తర్వాత జాబితాలోకి చేరింది. బామ్మగారి పేరు ఎదురుగా 2025 గడి నిండింది. ఎవరికి వేశారో నాకు తెలియదు, అడగలేదు. వెంకటల్లో పదకొండుకి తొమ్మిదిమంది వేశారు. ఒకాయన నిజంగానే టెక్సస్‌కి మారిపోయాడు. పదకొండో వెంకట ఇంటి రింగ్ కెమెరా మాత్రం, నేను నాలుగుసార్లు వెళ్ళినా, ఇంకా పలకలేదు. 2026 నవంబరు కాంగ్రెస్ ఎన్నికకి మా కెప్టెన్ పక్క ప్రిసింక్టులో సగం కూడా నా పేరు మీద రాశారు. అక్కడ వెంకటలు ఎంతమందో ఇంకా చూడలేదు.